పోసిన నీళ్ళెక్కడికి పోయాయి?



వైశాఖ జ్యేష్ఠ మాసాలలో మా పెనుబల్లి ప్రాంతపు రోడ్ల మీద ఒక దృశ్యం తరచుగా కంటబడుతుంది. విజయవాడ నుండి తిరువూరు మీదుగా మా మండలంలో ప్రవేశించి, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం దాటి జగదల్‌పూర్ వైపు సాగిపోయే 30వ నంబరు జాతీయ రహదారి పక్కన, ఏ చింతచెట్టు నీడనో ఒక కారు బానెట్ ఎత్తుకొని నిలబడి ఉంటుంది. లోపలి నుండి ఆవిరి పొగలా లేస్తూ ఉంటుంది. పక్కనున్న టీ కొట్టు యజమాని అడగకుండానే బిందెడు నీళ్ళు తెచ్చి ఇస్తాడు. నీళ్ళు పోస్తారు, కాసేపు ఆగుతారు, బండి కదులుతుంది, అందరూ సంతోషిస్తారు. దప్పిగొన్నవారికి నీళ్ళివ్వడం పుణ్యమని నమ్మి, వేసవి రాగానే వీధి వీధినా చలివేంద్రాలు పెట్టే జాతి మనది. ఆ సంస్కారాన్ని యంత్రానికి కూడా వర్తింపజేశాము. మంచిదే. కాని ఆ గుంపులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటున్నది. ఇప్పుడు పోసినవి సరే, ముందు లోపల ఉండవలసిన నీళ్ళు ఎక్కడికి పోయాయి?

ఈ టపా అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. పద్య వ్యాకరణాలు చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడికి ఇంజనుతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. పని కల్పించినవాడు నా పూర్వ విద్యార్థి. పదో తరగతి తరువాత చదువు సాగక డ్రైవరై, కొన్నేళ్ళు కూలికి నడిపి, చివరకు అప్పు చేసి ఒక పాత ఏడుసీట్ల డీజిలు బండి కొనుక్కొన్నాడు. వారంలో కొన్ని రోజులు మా చుట్టుపక్కల ఊళ్ళ నుండి మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని డయాలిసిస్ కోసం ఖమ్మం తీసుకొని వెళ్తాడు. కల్లూరు, తల్లాడ, వైరా మీదుగా ప్రయాణం. బస్సులో కూర్చోలేనివారు, తిరిగి వచ్చేటప్పుడు తల నిలుపుకోలేనివారు అతని బండినే నమ్ముకొని ఉంటారు. ఆ బండి నడుమ దారిలో ఆగితే చికిత్స తప్పుతుంది. నెలనెలా కట్టవలసిన వాయిదా కూడా తప్పుతుంది.

2023 వేసవిలో ఆ బండి వేడెక్కడం మొదలుపెట్టింది. వారం వారం నీళ్ళు తాగుతోంది. మొదటి మెకానిక్కు చూసి, "థర్మోస్టాట్ ఉంటేనే ఈ వేడి" అని దానిని పీకి పారేశాడు. రెండవ చోట, ఇంజను మొత్తం విప్పాల్సిందేనని, అతని ఆరు నెలల సంపాదనకు సమానమైన అంకె చెప్పారు. అప్పుడు నా దగ్గరకు వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"సారూ, ఎన్ని నీళ్ళు పోసినా ఏమవుతున్నాయో అర్థం కావట్లేదు. కింద చూస్తే చుక్క లేదు. బండి అమ్మేద్దామంటే ఈ రోగం చూసి ఎవరూ కొనరు."

ఆ చివరి మాటకు ముందున్న రెండు వాక్యాలే నన్ను పట్టుకొన్నాయి. చుక్క కింద పడదు, నీరు మాత్రం తగ్గుతుంది. ఇది ఇంజను సమస్యకు ముందు తర్క సమస్య.

ముందు ఆ యంత్రం లోపల నీటికేమి పనో చెప్పుకొందాము. ఇంజనులో కాలిన ఇంధనపు శక్తిలో స్థూలంగా మూడో వంతే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మరో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ పాలు ఇనుమును వేడెక్కిస్తుంది. మోటారు సైకిలైతే సిలిండరు చుట్టూ ఉండే రెక్కలకు గాలి తగిలి ఆ వేడి పోతుంది. కారుకు అది చాలదు. అందుచేత సిలిండర్ల చుట్టూ ఉన్న కాలువలలో నీరు తిరిగి, వేడిని మోసుకొని ముందున్న రేడియేటర్‌కు వచ్చి, అక్కడ సన్నని గొట్టాల గుండా జారుతూ గాలికి వేడిని అప్పగించి, చల్లబడి మళ్ళీ లోపలికి పోతుంది. తిప్పేది వాటర్ పంపు. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనీయక, సుమారు 82 నుండి 90 డిగ్రీల మధ్య తలుపు తీసేది థర్మోస్టాట్. చాలా ఇంజన్లలో అదే తలుపు, తెరుచుకొన్నప్పుడు రేడియేటర్‌కు పోకుండా చుట్టి వచ్చే అడ్డదారిని మూస్తుంది కూడా. కనుక దానిని పీకేస్తే కొంత నీరు చల్లబడకుండానే తిరిగి ఇంజనులోకి పోతుంది. వేడి తగ్గించడానికని చేసిన పని ఎండలో బరువు లాగే బండికి వేడినే పెంచవచ్చు.

ఇక మూత. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అది లోపల నిలిపి ఉంచే పీడనం. వాతావరణ పీడనానికి అంత పీడనం తోడైతే నీరు 100 డిగ్రీల దగ్గర కాక సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మన ఇంట్లో ప్రెషర్ కుక్కరు చేసే పనే. వేడెక్కిన బండి మూత తీయరాదని పెద్దలు చెప్పేదందుకే. మూత తీసిన క్షణంలో పీడనం పడిపోయి, అంతదాకా మరగకుండా ఉన్న నీరంతా ఒక్కసారి మరిగి ముఖం మీదకు ఎగజిమ్ముతుంది. అరగంటకు పైగా ఆగి, రేడియేటర్ చేతికి చల్లగా తగిలిన తరువాతనే మూత ముట్టాలి.

పై వర్ణనలో గమనించవలసినది, నీరు తిరుగుతుందే గాని ఖర్చు కాదు. తొలి రోజులలో అలా కాదు. 1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో నీరు మరిగి ఆవిరై పోవడమే చల్లబరచే విధానం. 1888లో ఆయన భార్య బెర్తా ఆ బండిలో పుట్టింటికి దూరప్రయాణం చేసినప్పుడు దారి పొడుగునా నీళ్ళు పోసుకొంటూ పోవలసి వచ్చింది. 1901 నాటి మెర్సిడెస్ బండికి విల్‌హెల్మ్ మైబాఖ్ తేనెపట్టు వంటి రేడియేటర్ అమర్చిన తరువాత కొద్దిపాటి నీటితోనే పెద్ద ఇంజన్లు చల్లబడసాగాయి. నేటి బండి పూర్తిగా మూసిన పాత్ర. ఆరోగ్యంగా ఉన్న బండి నెలల తరబడి చెప్పుకోదగ్గంత నీరు కోల్పోదు. కాబట్టి వారానికొకసారి నీళ్ళు పోయడం దినచర్య కాదు, రోగలక్షణం. మనం ఇంకా బెర్తా బెంజ్ కాలపు అలవాటును పాటిస్తున్నాము.

ఇక తర్కానికి వద్దాము. 17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమనే చిన్న గ్రంథం రచించాడు. సంస్కృతం చదువుకొనేవారికి న్యాయశాస్త్రంలో అది తొలిమెట్టు. అందులో అందరికీ తెలిసిన ఉదాహరణ కొండ మీది పొగ. పొగ కనబడింది గనుక అక్కడ నిప్పున్నదని ఊహిస్తాము. వంటింట్లో పొగనూ నిప్పునూ కలిపి చూశాము, నీళ్ళ మడుగులో రెండింటినీ చూడలేదు. ఇంతవరకు సులభమే. కాని నైయాయికులు అక్కడ ఆగరు. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా అని అడుగుతారు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె ఉండాలి. ఈ దాగి ఉన్న షరతుకు వారు పెట్టిన పేరు ఉపాధి. నిజమైన హేతువులా కనబడి మోసగించేదానికి పేరు హేత్వాభాస.

నీరు పోయే కారులో హేత్వాభాసలకు కొదవ లేదు. మా లంకాసాగర్ జలాశయం మీద పుష్యమాసపు ఉదయాన పొగలాంటిది లేస్తుంది. అది మంచు, కింద నిప్పు లేదు. అలాగే చలి ఉదయాన పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి వస్తే నీరు ఇంజనులో కాలిపోతోందని బెదరనక్కరలేదు. ఇంధనం కాలినప్పుడు పుట్టే తేమే అది. బండి వేడెక్కిన తరువాత కూడా ఆగకుండా, తియ్యని వాసనతో వస్తేనే ఆలోచించాలి. ఏసీ నడిచిన బండి కింద నీటిమడుగు కనబడితే అది కారుడు కాదు, గాలిలోని తేమ చల్లబడి కారిన నీరు. వేలితో తాకితే రంగూ జిడ్డూ ఉండవు. ఆయిలు మూత లోపల మజ్జిగ మీగడ వంటి పూత కనబడితే నీరు ఆయిలులో కలిసిందనే అనుమానం సహజం, కాని బండిని రోజూ రెండు కిలోమీటర్లే నడిపేవారికి లోపలి తేమ వల్ల కూడా అట్టి పూత పట్టవచ్చు. ఆయిలు కడ్డీ తీసి చూసి, లోపలి ఆయిలు కూడా అలాగే ఉంటేనే నిజం.

అన్నిటికన్నా ప్రమాదకరమైన ఆభాస మీటరు ముల్లు. వేడిని కొలిచే సెన్సర్ నీటిలో మునిగి ఉండాలి. నీరు మరీ తగ్గిపోతే అది గాలిలో తేలి ఉంటుంది. అప్పుడు ఇంజను మాడిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. పైకెక్కిన ముల్లు నీళ్ళు పోయకుండానే హఠాత్తుగా పడిపోతే గండం గడిచిందని పొరపడరాదు. వెంటనే పక్కకు తీసి ఆపాలి.

మరొక చిక్కు అన్యోన్యాశ్రయం. నీరు తగ్గితే ఇంజను వేడెక్కుతుంది, ఇంజను వేడెక్కితే నీరు పొంగి తగ్గుతుంది. ఏది ముందు? వేడెక్కిన తరువాత చూసేవారికి ఇది ఎప్పటికీ తేలదు. తేలాలంటే బండి చల్లగా ఉన్నప్పటి నుండి లెక్క ఉండాలి.

అందుచేత నా శిష్యుడికి నేనిచ్చిన సలహా ఒక్కటే. ఒక నోటుపుస్తకం కొనమన్నాను.

"పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఒకే గీత దాకా నింపు. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో గుర్తులున్న సీసాతో కొలువు. ముందు రోజు ఎక్కడికి పోయావు, ఎంతమంది ఎక్కారు, ఏసీ వేశావా, ముల్లు ఎక్కడ ఎక్కింది, అన్నీ రాయి. ఎక్కువ రాయకు, తక్కువ రాయకు."

"మళ్ళీ కాపీ రాయిస్తున్నారా సారూ?" అని నవ్వాడు. ఆ మాసంలో అతడు నవ్వడం నేను చూసినది అప్పుడే. పన్నెండు రోజులు రాశాడు. అంతకాలం ఖమ్మం ప్రయాణాలకు ముల్లు కొంచెం లేవగానే ఆపుతూ, వెంట మంచినీళ్ళ డబ్బా పెట్టుకొని, మరొక బండివాడిని ముందే మాట్లాడి ఉంచుకొని నడిపాడు.

పుస్తకం చూస్తే విషయం కొంత విడింది. సత్తుపల్లి, కల్లూరు వంటి దగ్గర ఊళ్ళకు ఒంటరిగా పోయిన రోజున నీరు దాదాపు తగ్గలేదు. ఖమ్మానికి ఇద్దరితో పోతే పావు లీటరు లోపు. ఏడుగురూ ఏసీతో పోతే లీటరు. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కిన ఒక్క రోజున రెండు లీటర్లు. నీటి నష్టం దూరాన్ని బట్టి కాదు, ఇంజను పడిన శ్రమను బట్టి పెరుగుతోంది. అన్వయ వ్యతిరేకాలంటే ఇవే. శ్రమ ఉన్నచోట నష్టం ఉన్నది, శ్రమ లేనిచోట నష్టం లేదు.

ఆ పుస్తకం పట్టుకొని మా మండలంలోని వి.యం. బంజర కూడలికి దగ్గరలో ఉండే ఒక వృద్ధ మేస్త్రీ దగ్గరకు వెళ్ళాము. ఆయన చదువుకొన్నది తక్కువ. కాని పుస్తకాన్ని రెండుసార్లు వేలితో వెంబడించి చదివి, "ఇంత లెక్క రాసి తెచ్చినోళ్ళు ఎవరూ లేరు సారూ. సగం పని అయిపోయినట్టే" అన్నారు. తరువాత ఆయన చేసినదాన్ని నైయాయికులు పరిశేషానుమానం అంటారు. సాధ్యమైనవన్నీ వరుసగా నిలబెట్టి, కానివాటిని ఒక్కొక్కటిగా తొలగించి, మిగిలినదాన్ని పట్టుకోవడం. ఆ వరుసలో కూడా ఒక నీతి ఉన్నది. చవకైన పరీక్ష ముందు, ఖరీదైనది వెనుక. విప్పకుండా తెలిసేది ముందు, విప్పితే గాని తెలియనిది వెనుక.

మొదట కళ్ళతో చూశారు. రబ్బరు ట్యూబుల చివరలు, క్లిప్పుల కింద, రేడియేటర్ అంచులు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం. పంపు లోపలి సీలు అరిగితే ఆ రంధ్రం నుండి నీరు కారుతుంది. వేడి ఇనుము మీద పడిన నీరు చుక్కగా నేల చేరకుండానే ఆవిరైపోవచ్చు, అయినా తెల్లటి పొడి మరక వదులుతుంది. అట్టి మరకలు ఎక్కడా లేవు. డ్రైవరు పక్క సీటు కింది తివాచీ తడిమారు. హీటర్ గొట్టాలు కారితే అక్కడ తడి, లోపల తియ్యని వాసన ఉంటాయి. అదీ లేదు.

తరువాత మూత. దాని రబ్బరు వాచరు ఎండి పగుళ్ళు వారింది. వెంటనే మార్చారు. కొందరు ఇక్కడే ఆగి చేతులు దులుపుకొంటారు. ఆయన ఆగలేదు. "ఇదీ ఒక తప్పే, ఇదే తప్పు అని చెప్పలేం" అన్నారు. నా ఉద్యోగకాలంలో ఎంతోమంది పరీక్షాధికారులకు చెప్పాలనుకొన్న మాట అది.

తరువాత రేడియేటర్ నోటికి ఒక చేతిపంపు బిగించి, ఇంజను చల్లగా ఉండగానే, మూత మీద రాసి ఉన్నంత పీడనం ఎక్కించి పావుగంట ఉంచారు. ముల్లు కదలలేదు. అంటే బయటికి కారే దారి లేదు. ఫ్యాను చూశారు. నిలబెట్టి ఇంజను నడిపితే ఫ్యాను సరిగానే తిరుగుతోంది. బండి ఊళ్ళో నెమ్మదిగా పోయేటప్పుడు వేడెక్కి, రోడ్డు మీద వేగంగా పోతే చల్లబడితే ఫ్యానును అనుమానించాలి. ఇక్కడ జరుగుతున్నది అందుకు విరుద్ధం. ఇంజను వేడెక్కిన తరువాత ఆపి, రేడియేటర్ ముందు భాగాన్ని అరచేతితో జాగ్రత్తగా తడిమారు. అంచులు కాలుతున్నాయి, మధ్యభాగం చల్లగా ఉన్నది. అంటే మధ్య గొట్టాలలో నీరు నడవడం లేదు. మూత దగ్గర వేలు పెట్టి తీస్తే వేలికి తెల్లని గార అంటింది.

గార ఎక్కడిదో అడగనక్కరలేదు. మా ప్రాంతంలో చాలా బోర్లలో ఉప్పు నీళ్ళే. నీళ్ళు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లని పొర ఎలా పేరుకొంటుందో మన ఇల్లాళ్ళందరికీ తెలుసు. వేడి తగలగానే ఆ నీటిలోని సున్నపు లవణాలు విడిపోయి గోడలకు పట్టుకొంటాయి. బండి కొన్ననాటి నుండి నా శిష్యుడు పోసినవి ఆ నీళ్ళే. కూలెంటు మంచు కురిసే దేశాలకు గదా, మనకెందుకు అని అతనికెవరో చెప్పారు. ఈ అపోహ మాలో చాలామందికి ఉన్నది. ఆ ద్రవంలో ఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం గడ్డకట్టడాన్ని ఆపడమే గాక మరిగే వేడిని కూడా పెంచుతుంది. శుద్ధజలంతో సగం సగం కలిపితే పీడనం లేకుండానే సుమారు 107 డిగ్రీలకు గాని మరగదు. దానిలోని ఇతర రసాయనాలు తుప్పును ఆపుతాయి. నిజానికి మండుటెండల ప్రాంతానికే అది ఎక్కువ అవసరం. దానిని కలపవలసినది బోరు నీటితో కాదు, బ్యాటరీలకు వాడే శుద్ధజలంతో.

ఇంతవరకు వేడికి కారణం దొరికింది. నీరు పోవడానికి కారణం ఇంకా దొరకలేదు. బండిని రాత్రి అక్కడే ఉంచమన్నారు. మరునాటి ఉదయం పూర్తిగా చల్లారిన ఇంజనును స్టార్టు చేసి, పై రబ్బరు ట్యూబును చేత్తో పట్టుకొన్నారు. ఒకటి రెండు నిమిషాలలోనే అది బిగుసుకొని రాయిలా అయింది. నా చేతికీ ఇచ్చారు. ట్యూబు ఇంకా గోరువెచ్చగా కూడా లేదు.

"వేడి లేదు, బిగువు ఉంది. ఈ బిగువు ఎక్కడిది సారూ?" అని నన్నే అడిగారు.

ఆయన నాకు పాఠం చెబుతున్నారని అర్థమైంది. మామూలుగా పీడనం వేడి వల్ల పుడుతుంది. ఇక్కడ వేడి అనే ఉపాధి లేదు. కాబట్టి ఆ పీడనం నీటిది కాదు. బయటి నుండి మరేదో లోపలికి వస్తున్నది. సిలిండరులో మండే వాయువే అది. సిలిండర్లున్న బ్లాకుకూ దాని పైనున్న హెడ్డుకూ మధ్య గ్యాస్కెట్ అనే పలుచని పొర ఉంటుంది. అది ఒకచోట కాలి సన్నని దారి ఏర్పడితే, మంట పుట్టిన ప్రతిసారి ఆ వాయువు నీటి కాలువలోకి దూసుకొని వస్తుంది. చేతిపంపుతో ఎక్కించిన పీడనం ఆ వాయు పీడనంలో ఎన్నో వంతు. అందువలననే ఆ పరీక్షకు ఈ దారి చిక్కలేదు.

సాక్ష్యం రెండు విధాల తీసుకొన్నారు. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఒక నీలిరంగు ద్రవం గుండా పీల్చారు. బొగ్గుపులుసు వాయువు తగిలితే అది పసుపుగా మారుతుంది. మారింది. తరువాత పొంగు సీసా నుండి బయటికి పోయే గొట్టం చివర ఒక ఖాళీ మంచినీళ్ళ సీసా కట్టి, మమ్మల్ని ఎక్కించుకొని పది కిలోమీటర్లు ఏసీ వేసి గట్టిగా నడిపారు. తిరిగి వచ్చేసరికి ఆ సీసా సగానికి నిండింది. వాయువు నీటిని తోసుకొని, మూతను ఎత్తి, పొంగు సీసాను నింపి, అక్కడి నుండి రోడ్డు మీదకు చిమ్ముతున్నది. ఎండకు కాలిన తారు మీద పడిన నీటికి గుర్తేముంటుంది? బండి ఆగి ఉన్నప్పుడు వెతికితే చుక్క దొరకకపోవడం అందుకే. పోసిన నీళ్ళన్నీ ఖమ్మం రోడ్డు పొడుగునా పోయాయి.

అప్పుడు మొత్తం కథ తిన్నగా నిలబడింది. ఉప్పు నీటి గార రేడియేటర్‌ను పూడ్చింది. బరువు లాగినప్పుడు ఇంజను వేడెక్కింది. వేడికి హెడ్డు కొద్దిగా వంగి గ్యాస్కెట్ కాలింది. గ్యాస్కెట్ కాలినందున నీరు పోయింది. నీరు పోయిందని మళ్ళీ ఉప్పు నీళ్ళే పోశారు. దాహం తీర్చడమనుకొన్న పని రోగాన్ని పెంచింది. గ్యాస్కెట్ ఒక్కటే మార్చి రేడియేటర్‌ను వదిలేసి ఉంటే ఆరు నెలలకు మళ్ళీ అదే గతి. ఇంజనంతా విప్పినా అంతే. ఖర్చు పెద్దది, కారణం మాత్రం ముందు భాగంలో చెక్కుచెదరకుండా కూర్చొని ఉండేది.

హెడ్డు విప్పి ఖమ్మంలో లేత్ పనివారి దగ్గరకు పంపారు. దాని మీద తిన్నని ఇనుప బద్ద ఆనించి, సందులో సన్నని రేకులు దూర్చి వంపు కొలిచారు. సాపు చేయగలిగినంతే వంగింది, పగుళ్ళు లేవు. మరికొన్ని వారాలు అలాగే నడిపి ఉంటే సిలిండర్లదాకా పోయేదని మేస్త్రీ చెప్పారు. కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు, కొత్త రేడియేటర్, ముందు పారేసిన థర్మోస్టాట్‌కు బదులు మరొకటి. చివరకు అయిన ఖర్చు రెండవ మెకానిక్కు చెప్పినదానిలో మూడో వంతుకు లోపే. డయాలిసిస్ వారికి నాలుగు రోజులు వేరే బండి ఏర్పాటైంది. ఐదో రోజున ఇతని బండే వెళ్ళింది. ఆ తరువాత కూడా నోటుపుస్తకం ఆపలేదు. నీటి గడిలో వరుసగా సున్నాలు పడ్డాయి. విద్యార్థి పుస్తకంలో సున్నాలు చూసి గురువు సంతోషించడం అదే మొదటిసారి కాబోలు.

ఈ వేడీ చల్లదనాల లెక్క మా జిల్లాల వారికి కొత్త విషయం కాదు. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రం కిన్నెరసాని నీటితో తన వేడిని చల్లార్చుకొంటుంది. ఆ పాత కేంద్రపు ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేసేదాకా భద్రాచలం పోయే ప్రతివారూ వాటిని చూసే ఉంటారు. అక్కడ నీరు ఆవిరై పైకి పోవడమే పద్ధతి, అందుకని ఎప్పటికప్పుడు కొత్త నీరు కావాలి. కారులో నీరు పోకుండా ఉండడమే పద్ధతి. రెండూ చల్లబరచేవే అయినా ఒకదాని ధర్మం మరొకదానికి రోగం.

వేసవిలో అడవి దారి పట్టేవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ముల్లు పైకెక్కితే ముందు ఏసీ ఆపండి, హీటరు పూర్తిగా తిప్పండి. మీకు చెమట పట్టినా ఇంజను వేడి కొంత తగ్గుతుంది. అప్పటికీ దిగకపోతే నీడన ఆపి ఇంజను కట్టేయండి. మాడిన ఇంజనులో చన్నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించకండి, ఇనుము పగలవచ్చు. అత్యవసరంలో ఏ నీళ్ళయినా పోసి ఇల్లు చేరవచ్చు. చేరిన తరువాత మాత్రం వాటిని తీయించి సరియైన ద్రవం పోయించండి. తీసిన పాత కూలెంటును పశువులు, కుక్కలు, పిల్లలు తిరిగే చోట పారబోయకండి. తియ్యగా ఉంటుంది, తాగితే మూత్రపిండాలను చంపుతుంది. రోగులను మోసే బండి వల్ల మరొక రోగి తయారు కారాదు.

పండితుడిగా నాకొక చిన్న లోభం మిగిలి ఉన్నది. మేస్త్రీ దగ్గర కూర్చొన్న ఆ రెండు రోజులలో ఎన్నో మాటలు విన్నాను. రేడియేటర్ లోపలి గొట్టాలను ఆయన జాలీ అన్నారు, గ్యాస్కెట్‌ను ఒకసారి ప్యాకింగ్ అన్నారు, ట్యూబు బిగియడాన్ని "పట్టు పట్టింది" అన్నారు. నిఘంటువులకు ఎక్కని ఈ మాటలు పనిచేసే చేతుల మధ్య హాయిగా బ్రతుకుతున్నాయి. మీ మీ ప్రాంతాల మేస్త్రీలు ఈ భాగాలను, ఈ జబ్బులను ఏ పేర్లతో పిలుస్తారో తెలియజేస్తే, అదే నోటుపుస్తకంలో వెనుక పేజీ నుండి రాయించి పెడతాను.